విడాకుల కాగితం ఎక్కడ దొరుకుతుంది?



కోర్టు అంటే మనలో చాలామందికి భయం. అందులోనూ కుటుంబ తగాదా కోర్టుకు వెళ్ళిందంటే, భయంతో పాటు సిగ్గు కూడా. అందుకే తీర్పు వచ్చిన రోజున "పీడ వదిలింది" అనుకుని ఇంటికి వచ్చేస్తాం. తీర్పు కాగితం తీసుకున్నామా, తీసుకుంటే ఏ పెట్టెలో పెట్టాం అన్నది ఎవరికీ పట్టదు. ఇరవై ఏళ్ళు గడిచాక అదే కాగితం కోసం వెతుకులాట మొదలవుతుంది.

రాజపాళయంలో స్పిన్నింగ్ మిల్లులో పని చేసిన ఒకావిడ సంగతి చెబుతాను. పేరూ వీధీ చెప్పను. ఆవిడకు చిన్న వయసులో పెళ్ళయింది, కలిసి రాలేదు, కోర్టులో విడాకులు వచ్చాయి. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకుంది. కొన్నేళ్ళ క్రితం ఆ రెండో భర్త చనిపోయాడు. ఆయన పింఛను తనకు రావాలని దరఖాస్తు పెట్టుకుంటే, "అమ్మా, నీ మొదటి పెళ్ళి రద్దయినట్టు డిక్రీ తీసుకురా" అన్నారు. ఆవిడ దగ్గర డిక్రీ లేదు. కేసు నంబరు గుర్తు లేదు. వాదించిన వకీలు కాలం చేశాడు. "శ్రీవిల్లిపుత్తూరు కోర్టు, పెద్దది నాలుగో తరగతి చదువుతున్నప్పుడు, సంక్రాంతి అయిన తర్వాత" అన్నది మాత్రమే ఆవిడ జ్ఞాపకం. నెలనెలా రావలసిన పింఛను ఆ ఒక్క కాగితం దగ్గర ఆగిపోయింది.

ఆ కాగితం దొరికింది. ఎలా దొరికిందో తెలియాలంటే మన ఊరి రికార్డులు ఎక్కడ ఉంటాయో ముందు తెలియాలి.

మన రాజపాళయానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీవిల్లిపుత్తూరు మనకు ఆండాళ్ సన్నిధిగా తెలుసు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పిన విలుబుత్తూరు అదే. జిల్లా పేరు విరుదునగర్ అయినా, జిల్లా ప్రధాన న్యాయస్థానం ఉన్నది శ్రీవిల్లిపుత్తూరులోనే. కుటుంబ న్యాయస్థానం కూడా అక్కడే. తమిళంలో దాన్ని కుడుంబ నల నీదిమన్రం అంటారు. కలెక్టరాఫీసు విరుదునగర్‌లో ఉంది గదా అని కొందరు అక్కడికి బస్సెక్కుతారు. ఒక పూట కూలి దండగ.

జిల్లా పేరు గురించి ఇంకో మాట. 1985లో పాత రామనాథపురం జిల్లాను విడదీసినప్పుడు మనది కామరాజర్ జిల్లా అయింది. 1997లో విరుదునగర్ జిల్లా అయింది. అంతకు చాలా ముందు, 1910 వరకు, మన తాలూకా తిరునెల్వేలి జిల్లాలో ఉండేది. కాబట్టి 1990లో వచ్చిన తీర్పు మీద కామరాజర్ జిల్లా అనీ, 1980లో వచ్చిన దాని మీద రామనాథపురం జిల్లా అనీ ఉంటే, అది మనది కాదని పక్కన పెట్టేయకండి. రామనాథపురం జిల్లా కోర్టు ఒకప్పుడు మదురైలో ఉండి పని చేసింది. మరీ పాత కేసైతే అక్కడ కూడా వాకబు చెయ్యవలసి రావచ్చు.

ఇక ఏ కేసు ఏ కోర్టుకు వెళుతుంది? కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ప్రతి ఊళ్ళోనూ ఆ కోర్టు వెలియలేదు. అది లేని రోజుల్లో హిందూ వివాహ చట్టం కింద విడాకుల పిటిషన్లు సబ్ కోర్టులో నడిచేవి. కుటుంబ కోర్టు ఏర్పడిన నాటికి ముగిసిపోయిన కేసు కాగితాలు పాత కోర్టు రికార్డులోనే ఉంటాయి. ఆనాటికి ఇంకా నడుస్తున్న కేసు కొత్త కోర్టుకు బదిలీ అవుతుంది. బదిలీ అయినప్పుడు నంబరు కూడా మారవచ్చు. మీ దగ్గరున్న పాత సమన్ల మీద ఒక నంబరు, తీర్పు మీద ఇంకో నంబరు కనబడితే కంగారు పడవద్దు.

భార్యాపిల్లల పోషణకు ఇప్పించే సొమ్మును మనం మనోవర్తి అంటాం, ఇక్కడి తమిళంలో జీవనాంశం అంటారు. ఆ కేసులు మెజిస్ట్రేటు కోర్టులో కూడా నడిచాయి. 2005 నాటి గృహహింస చట్టం కింద వేసిన దరఖాస్తులు కూడా మెజిస్ట్రేటు దగ్గరికే వెళతాయి. ఆ కాగితాలకు రాజపాళయం కోర్టులోనే అడగాలి. మనోవర్తికి ఆధారమైన పాత 125వ సెక్షను 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను అయింది. పాత ఆర్డరు మీద 125 అనే ఉంటుంది. దాన్ని చూసి ఆర్డరు చెల్లదేమో అనుకోకండి.

నంబరుకు ముందు ఉండే అక్షరాలను బట్టి కేసు ఏ తరగతిదో తెలుస్తుంది. హెచ్.ఎం.ఓ.పి. అంటే హిందూ వివాహ చట్టం కింద వేసిన పిటిషను. ఎం.సి. అంటే మనోవర్తి. జి.డబ్ల్యు.ఓ.పి. అంటే పిల్లల సంరక్షకత్వం. ఆ తర్వాత వరుస సంఖ్య, సంవత్సరం. ఈ రెండూ దొరికితే సగం పని అయినట్టే.

నంబరు తెలియకపోతే? 2000 తర్వాతి కేసులకు, ముఖ్యంగా ఈ పది పదిహేనేళ్ళవాటికి, ఈ-కోర్ట్స్ అని ప్రభుత్వ సేవ ఉంది. సెల్‌ఫోనులోనూ చూడవచ్చు. జిల్లా, కోర్టు ఎంచుకుని కక్షిదారు పేరు, సంవత్సరం ఇస్తే కేసు కనబడే అవకాశం ఉంది. ప్రతి కేసుకు పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. అది దొరికితే రాసి దాచుకోండి. కుటుంబ కేసుల్లో ఆర్డరు పూర్తి పాఠం అక్కడ కనబడకపోవచ్చు. అది సాంకేతిక లోపం కాదు, కావాలని చేసిన గోప్యత.

పేరుతో వెతకడంలో మన తెలుగువాళ్ళకు ఒక చిక్కు ఉంది. ఇంట్లో మనకు ఇంటిపేరు ఉంటుంది. కోర్టు కాగితం మీద అది ఒక పొడి అక్షరమై కూర్చుంటుంది. మన ఊరి నుంచి వెళ్ళి 1949లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారి పేరే చూడండి. అందులో పి అంటే పూసపాటి, ఎస్ అంటే సంజీవి. అదే కుటుంబంలో ఇంకొకరు తమిళ పద్ధతిలో తండ్రి పేరు అక్షరం ఒక్కటే పెట్టుకుని ఉండవచ్చు. చివర రాజా అనీ, రాజు అనీ, అసలు ఏమీ లేకుండానూ రాయవచ్చు. లక్ష్మి అన్న పేరునే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. కాబట్టి ఒక్క రూపంలో వెతికి దొరకలేదని ఊరుకోకూడదు. భార్య పేరుతో దొరకకపోతే భర్త పేరుతో వెతకండి.

ముగిసిపోయిన పాత కేసులు చాలావరకు కంప్యూటరులో ఉండవు. వాటికి రిజిస్టర్లే గతి. మన మిల్లు ఆవిడ విషయంలో పని చేసింది అదే. కూతురి బడి సర్టిఫికెట్టు తీసి, ఆ పిల్ల నాలుగో తరగతి ఏ సంవత్సరమో లెక్క కట్టారు. సంక్రాంతి తర్వాత అంటే జనవరి నుంచి మార్చి. అనుభవమున్న ఒక వకీలు గుమాస్తా ఆ మూడు నెలల పేజీలు చూపించమని దరఖాస్తు పెట్టించాడు. మొదటి భర్త పేరుతో నంబరు దొరికింది. ఆవిడ పేరు మాత్రం ఒక అక్షరం తేడాగా పడి ఉంది. నా ఉద్దేశంలో ఇలాంటి పనికి పెద్ద ప్లీడరు కంటే పాత గుమాస్తా ఎక్కువ ఉపయోగం.

నంబరు దొరికాక నకలు దరఖాస్తు. నకలు అన్న మన మాటే తమిళంలో నగల్. నగల్ మను అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కేసు నంబరు, ఇరుపక్షాల పేర్లు, తీర్పు తేదీ, ఏ కాగితం కావాలో రాసి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. మన రాష్ట్రం కోర్టుల్లో ఇలాంటి కేసుకు ఫెయిర్ ఆర్డరు అని ఒకటి, డిక్రీటల్ ఆర్డరు అని ఒకటి, రెండు ఉంటాయి. మొదటి దానిలో జడ్జి గారు చెప్పిన కారణాలుంటాయి. రెండో దానిలో పెళ్ళి రద్దయిందన్న ముక్క క్లుప్తంగా ఉంటుంది. ఒకటి తీసుకువెళితే ఆఫీసులో రెండోది అడుగుతారు. రెండూ ఒకేసారి అడగండి.

దరఖాస్తు ఇచ్చి ఇంటికి వచ్చేస్తే పని కాదు. ఎన్ని పేజీలకు ఎంత స్టాంపు కట్టాలో లెక్క చూసి నోటీసు బోర్డు మీద జాబితా పెడతారు. గడువులో కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్ళీ మొదటి నుంచి. నకలు చేతికి వచ్చాక దాని మీద వరుసగా తేదీలుంటాయి: దరఖాస్తు ఇచ్చినది, స్టాంపు అడిగినది, కట్టినది, నకలు సిద్ధమైనది, ఇచ్చినది. ఆ తేదీలు ఊరికే వేసినవి కావు. అప్పీలుకు వెళ్ళాలంటే, నకలు తీసుకోవడానికి పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షను ప్రకారం గడువులోంచి మినహాయిస్తారు. ఆ లెక్కకు ఆధారం ఈ తేదీలే. ముద్ర, సంతకం అక్కడే సరిచూసుకోండి.

చాలామందికి తెలియనిది ఒకటుంది. హిందూ వివాహ చట్టం 23వ సెక్షనులో నాలుగో ఉపవిభాగం చూడండి. విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు, ఇద్దరు కక్షిదార్లకు చెరొక ప్రతి ఉచితంగా ఇవ్వాలి. ఇప్పుడు కేసు నడుస్తున్నవాళ్ళు తీర్పు రోజునే ఆ ప్రతి అడగండి. ఆవిడకు ఆనాడు ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదు.

ఇతరుల కేసు కాగితాలు చూడవచ్చా అని కొందరు అడుగుతారు. సంబంధం చూసేటప్పుడు అబ్బాయికి ముందే పెళ్ళయి విడిపోయాడని తెలిస్తే, నిజానిజాలు తెలుసుకోవాలనుకోవడం సహజం. అయితే హిందూ వివాహ చట్టం 22వ సెక్షను ప్రకారం ఈ విచారణలు తలుపులు మూసి జరుగుతాయి. వాటి సంగతులు అచ్చు వేస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా. కక్షిదారు కానివాళ్ళకు నకలు కావాలంటే, ఎందుకు కావాలో అఫిడవిట్ వేసి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద అడుగుదామా అంటే, కోర్టు కాగితాల నకళ్ళు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. దగ్గరి దారి ఒకటే. "డిక్రీ ప్రతి మీరే చూపించండి" అని అబ్బాయి తరఫువారినే అడగండి. ఇందులో మొహమాటం పనికిరాదు. తేదీ కూడా చూడండి. అప్పీలుకు కుటుంబ కోర్టుల చట్టంలో 30 రోజులు, హిందూ వివాహ చట్టంలో 90 రోజులు అని రెండు గడువులున్నాయి. ఆ గడువు దాటక ముందు మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదు. 90 రోజులు ఆగడమే క్షేమం.

అప్పీలుకు వెళ్ళిన కేసైతే ఆఖరు మాట హైకోర్టుది. మదురై బెంచి 2004 జూలైలో మొదలైంది, మన జిల్లా దాని కిందికే వస్తుంది. అక్కడి నంబరులో ఎం.డి. అన్న అక్షరాలుంటాయి. అంతకు ముందువి చెన్నై హైకోర్టులో తేలిన కేసులు.

పెద్దల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకుల సంగతి వేరు. కులాచారం ప్రకారం వచ్చే విడాకులను 29వ సెక్షను కాపాడుతుంది. కానీ ఆ ఆచారం ఉందని రుజువు చెయ్యాల్సిన భారం మీదే. అలాంటివాటికి కోర్టులో రికార్డు ఉండదు, వెతికి లాభం లేదు. ఆ కాగితమే మీ రికార్డు, జాగ్రత్త చేసుకోండి.

కోర్టు కాగితాలు కూడా కలకాలం ఉండవు. 1917 నాటి రికార్డుల చట్టం కింద, గడువు దాటిన వాటిని తీసివేసే పద్ధతి ఉంది. అర్జీలూ వాంగ్మూలాలూ ముందు పోతాయి. అవి కావలసినవాళ్ళు ఆలస్యం చెయ్యకూడదు.

ఖర్చుకు భయపడేవారు శ్రీవిల్లిపుత్తూరు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవా సంస్థను అడగవచ్చు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలు సాయం ఉచితం. ఫోనులో అయితే 15100. తమిళంలో ఉన్న ఆర్డరు చదవడం రాకపోతే అక్కడే చదివించుకోండి.

మన ఆవిడకు నకలు వచ్చింది. పేరులో అక్షరం తేడాకు, ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ రాసి జత చేశారు. దరఖాస్తు ముందుకు కదిలింది. ఈసారి ఆవిడ ఆ నకలును మూడు జిరాక్సులు తీయించి, ఒకటి తన దగ్గర, ఒకటి కూతురి దగ్గర, ఒకటి చెల్లెలి దగ్గర పెట్టింది. అసలు ప్రతి బియ్యపు డబ్బాలో ఉందట.