ప్రతిరక్షకము ఔషధమైన కథ

1890వ సంవత్సరమున బెర్లిను నగరమందు, రాబర్టు కాక్ గారి పరిశోధనాలయములో పనిచేయుచుండిన ఎమిల్ బేరింగ్ అను జర్మను వైద్యుడును, షిబసబురో కిటసాటో అను జపాను శాస్త్రజ్ఞుడును ఒక విశేషమును లోకమునకు వెల్లడించిరి. ధనుర్వాతపు విషమును తట్టుకొనుటకు అలవాటుపడిన జంతువు నెత్తురునుండి తీసిన సీరమును మరియొక జంతువునకు ఎక్కించినచో, ఆ రెండవది సైతము ఆ విషమునకు లొంగక నిలిచెను. అటుపిమ్మట గుఱ్ఱముల సీరముతో కంఠసర్పి పాలబడిన పసివారెందరో ప్రాణములు దక్కించుకొనిరి. 1901లో వైద్యశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము బేరింగునకు లభించెను. నేటికిని పాముకాటు తగిలినవానికి మన ఆసుపత్రులలో ఎక్కించు విరుగుడు ఈ గుఱ్ఱపు సీరముయొక్క సంతతియే.

అయితే ఆ సీరములో రోగమునకు పనికివచ్చు ప్రతిరక్షకములు, అనగా శత్రువును పట్టుకొను మాంసకృత్తులు, కొలదిగను, ఆ గుఱ్ఱము తన జీవితకాలమున ఎదుర్కొన్న నానావిధ శత్రువులకై సమకూర్చుకొన్నవి విస్తారముగను కలసియుండెడివి. గుఱ్ఱము మారిన మందు బలము మారెడిది. పరజంతువు మాంసకృత్తులు మనుష్యుని నెత్తుట పడుటచే దద్దురులు, జ్వరము, కీళ్లనొప్పులు పుట్టెడివి. ఈ కలగాపులగమునుండి కావలసిన ఒక్కదానిని ఏరుట ఎట్లు? తరువాతి నూరేండ్ల చరిత్ర యంతయు ఈ ఏరుట యను ఒక్క పనికి సంబంధించినదే యని చెప్పవచ్చును.

రెండు పొడుగు గొలుసులును, రెండు పొట్టి గొలుసులును పెనవైచుకొని, ఇంగ్లీషు వై అక్షరపు ఆకృతిలో చేతులు చాచి నిలిచిన మాంసకృత్తు ఈ ప్రతిరక్షకము. దీని నిర్మాణమును వివరించినందులకే ఇంగ్లండులోని రాడ్నీ పోర్టరును, అమెరికాలోని జెరాల్డు ఎడెల్మనును 1972లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. ఒక్కొక్క చేతి కొనయందు ఆరు చిన్న మెలికలు కలవు. శత్రువును గుర్తించి పట్టుకొను శక్తి ప్రధానముగా ఆ మెలికలయందే యున్నది. క్రింది కాడ భాగము, పట్టుబడినదానిని చంపుటకు తెల్లకణములను పిలుచును. ఆ కాడ మూలముననే ప్రతిరక్షకము నెత్తుటిలో వారములతరబడి చెడక తిరుగుచుండును. కొన పని యేదో కాడ పని యేదో జ్ఞాపకముంచుకొన్నచో మిగిలిన కథ సులభముగా బోధపడును.

ప్రతిరక్షకములను తయారుచేయు తెల్లకణము ఒక్కొక్కటి ఒకే రకమును స్రవించును. అట్టిదానిని ఒకదానిని పట్టి పెంచగలిగినచో కోరినది చేజిక్కినట్లే. కాని గాజుపాత్రలో అది కొలదిదినములకే చచ్చును. మైలోమా యను క్యాన్సరు కణమో, చావెరుగక పెరుగునుగాని మనకు కావలసిన ప్రతిరక్షకమును ఈయదు. స్వదేశమైన అర్జెంటీనాలోని రాజకీయ కల్లోలముచే కేంబ్రిడ్జి చేరిన సీజర్ మిల్‌స్టీనును, ఆయనయొద్దకు 1974లో వచ్చిన జర్మను యువకుడు జార్జి కోలరును ఈ రెండింటిని కలిపి ఒక్క కణము చేయదలచిరి. గొర్రె ఎర్రకణములను ఎక్కించిన చిట్టెలుక ప్లీహమునుండి తెల్లకణములను తీసి, సెండాయ్ అను వైరసు సాయమున మైలోమా కణములతో అతికించిరి.

అతికించుట ఒక యెత్తు, అతికినవానిని ఏరుట ఒక యెత్తు. ఇచ్చట అక్కరకు వచ్చినది అమినోప్టెరిన్ అను మందు. కణము డి.ఎన్.ఏ. కట్టుకొనుటకు కావలసిన సామగ్రిని స్వయముగా తయారుచేసికొను ప్రధానమార్గమును ఇది మూసివేయును. మామూలు కణమునకు బయటి సామగ్రిని వాడుకొను దొడ్డిదారి యొకటి కలదు. కోలరు వాడిన మైలోమా కణములకు ఆ దారికి అవసరమైన ఎంజైము లేదు. కావున అతకని మైలోమా కణము అమినోప్టెరిన్ తగిలి చచ్చును; అతకని తెల్లకణము దానంతటనది చచ్చును; దొడ్డిదారిని తెల్లకణమునుండియు, చావులేమిని మైలోమానుండియు పొందిన జంటకణము మాత్రమే, చేటలో చెరిగినపిమ్మట నిలిచిన గింజవలె మిగులును. ఈ అమినోప్టెరిన్, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో 1947లో తయారైనది. సిడ్నీ ఫార్బర్ బోస్టను నగరమున పిల్లల రక్తక్యాన్సరునకు దానిని వాడెను. సుబ్బారావుగారు 1948లో పరమపదించిరి. వారి బృందము సృష్టించిన మందు మరి యిరువదియేడేండ్లకు ఒక క్రొత్త ఔషధకులముయొక్క పుట్టుకకు తోడ్పడెను.

మిగిలిన జంటకణములలో కోరిన ప్రతిరక్షకమును ఈయునది యేదో తెలియుటకు, వానిని గొర్రె ఎర్రకణములు కలిపిన పలుచని పొరలో నుంచిరి. సరియైన కణముచుట్టు ఎర్రకణములు పగిలి, ఎర్రని పొరమీద స్వచ్ఛమైన వలయము ఏర్పడును. కోలరు చూచిన పళ్లెములలో అట్టి వలయములు సమృద్ధిగా కనబడెను. 1975 ఆగస్టు 7వ తేదీ ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఈ పనికి 1984లో నోబెల్ బహుమానము వచ్చెను. పద్ధతికి మాత్రము బ్రిటిషువారు పేటెంటు తీసికొనలేదు.

ఇట్లు ఏరబడిన ప్రతిరక్షకమునకు మోనోక్లోనల్ ప్రతిరక్షకమని పేరు. మార్పిడి చేసిన మూత్రపిండమును దేహము తిరస్కరింపకుండుటకై మురోమొనాబ్ అను తొలి మోనోక్లోనల్ ఔషధమును 1986లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. కాని అది చిట్టెలుకదే. రోగి దేహము దానిని పరాయిదిగా గుర్తించి, దానిపైననే ప్రతిరక్షకములను పుట్టించుటచే రెండవమారు వాడబోవునప్పటికి మందు పనిచేయకపోయెడిది. గుఱ్ఱపు సీరముతో వచ్చిన చిక్కే మరల ఎదురయ్యెను.

ఈ మారు ఏరవలసినది కణమును గాదు, అణువులోని భాగములను. కాడను మనుష్యునిదిగా మార్చిన సంకర ప్రతిరక్షకములు మొదట వచ్చెను. 1997లో లసికాగ్రంథుల క్యాన్సరునకు అనుమతి పొందిన రిటుక్సిమాబ్ ఈ జాతిదే. కేంబ్రిడ్జిలోనే గ్రెగరీ వింటర్ 1986లో మరొక యడుగు ముందుకు వేసి, ఎలుక ప్రతిరక్షకపు మెలికలను మాత్రమే తీసి మానవ ప్రతిరక్షకమునకు తగిలించెను. పని అంత సులువు కాలేదు. 1988లో ఆయన సహచరులతో కూడి క్యాంపాత్ అను ప్రతిరక్షకమును ఇట్లు మార్చగా, దాని పట్టు సడలెను. మెలికలను నిలబెట్టు చట్రములో, పొడుగు గొలుసున 27వ స్థానమందలి సెరిన్ అను అమైనో ఆమ్లమునకు బదులు ఫినైలలనీనును చేర్చగా పట్టు తిరిగి వచ్చెను. వందలకొలది అమైనో ఆమ్లములలో ఒక్కదాని మార్పు మందును మందుగా నిలబెట్టినది. రొమ్ము క్యాన్సరునకు 1998లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ ఈ విధానముననే రూపొందినది.

తుదకు ఎలుక అవసరమే తప్పెను. బాక్టీరియాలపై బ్రతుకు ఫేజ్ అను వైరసు పైపొరకు కోరిన మాంసకృత్తును తగిలించవచ్చునని అమెరికాలోని జార్జి స్మిత్ 1985లో చూపెను. 1990లో వింటర్ బృందము ప్రతిరక్షకపు ముక్కలను అట్లే తగిలించెను. కోట్లకొలది ఫేజులను రోగకారకమైన అణువుపై పోసి కడిగివేయుదురు. అంటుకొన్నవానిని బాక్టీరియాలలో పెంచి మరల పోయుదురు. పలుమార్లు ఇట్లు చేయగా గట్టిపట్టు గలవి నిలుచును. కీళ్లవాతమునకు 2002 డిసెంబరు 31న అనుమతి పొందిన అడలిముమాబ్, పూర్తిగా మానవజాతికి చెందిన ప్రతిరక్షకములలో మొట్టమొదటిది; దీనిని ఫేజుల సాయముననే ఏరిరి. స్మిత్, వింటరులకు 2018లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానమున పాలు లభించెను.

ఈ ఔషధములను చైనా హ్యామ్‌స్టర్ అను చిన్నజంతువు అండాశయ కణములలో, వేల లీటర్ల ఉక్కు తొట్లయందు పెంచి, శుద్ధిచేసి, శీతలముననే నిలువయుంచవలెను. మ్రింగిన జీర్ణమైపోవును గనుక సూదితోనే ఈయవలెను. అందుచే వెల మిక్కుటము. పేటెంటు లేక పుట్టిన పద్ధతినుండి పేటెంట్ల కోటలే లేచినవి. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో రెడిటక్స్ అను పేర రిటుక్సిమాబునకు సమరూపమును తక్కువ వెలకు తెచ్చుట ఈ భారమును కొంత తగ్గించెను.

ఒక్క హెచ్చరిక మాత్రము పాఠకులు మరువరాదు. అడలిముమాబ్ కీళ్లలో అడ్డగించు టి.ఎన్.ఎఫ్. అను అణువే ఊపిరితిత్తులలో నిద్రాణమైన క్షయక్రిములను తెల్లకణములచే చుట్టుముట్టించి కట్టడి చేయించుచున్నది. ఆ జాతి మందు వాడినవారిలో క్షయ పైకివచ్చినట్లు 2001లోనే వెల్లడియైనది. ఎంత నేర్పుగా ఏరినను, అణువునకు ఒక్క పనియే యుండునని నమ్ముటకు వీలులేదు. క్షయ ఇంకను విస్తారముగానున్న మన దేశమున, వైద్యుడు ఇట్టి మందును వ్రాసినప్పుడు మొదటి సూదికి ముందే క్షయ పరీక్ష చేయించుకొనుట ప్రతి రోగియు తప్పక పాటింపవలసిన నియమము.