న్యాయవిద్యార్థియు విచారణఖైదీయు

మదనపల్లి, పుంగనూరు, కుప్పము ప్రాంతముల నుండి తిరుపతికేగి న్యాయశాస్త్రము నభ్యసించు యువతీయువకులు కలరు. బార్ కౌన్సిల్ 2008 నియమములను బట్టి మూడేండ్ల విద్యార్థి 12 వారములు, అయిదేండ్ల విద్యార్థి 20 వారములు ఇంటర్న్‌షిప్ చేసి తీరవలెను. ఒక యేట ఎడతెగక నాలుగు వారములకు మించరాదు. ఆ కాలము మహానగరపు వకీళ్ల గదులలో కాగితపు కట్టలు మోయుటకే చెల్లినచో ఫలమేమి?

2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షను కలదు. నేరము మరణశిక్షకుగాని యావజ్జీవ శిక్షకుగాని తగినది కానిచో, వేరు కేసులు లేనిచో, మునుపెన్నడును శిక్షపడని ఖైదీని గరిష్ఠశిక్షలో మూడవవంతు గడచినంతనే కోర్టు బాండుపై విడువవలెను. మూడేండ్ల శిక్షగల నేరమునకు ఒక్కయేడే గడువు. కోర్టుకు దరఖాస్తు పంపవలసినవాడు జైలు అధికారి. వకీలును పెట్టుకొనలేని కూలివాని పక్షమున దినములు లెక్కించువారెవరు?

ఈ లెక్కకు గొప్ప పాండిత్యమక్కరలేదు. మన ఊళ్ల న్యాయసేవా సంఘములు విద్యార్థులను సబ్‌జైళ్లకు గొనిపోయి ఈ పని యప్పగింపవలెను. బిడ్డలను వకీళ్లను చేయదలచు తండ్రులారా! వారి తొలి నాలుగు వారములను ఇచ్చటనే గడపనిండు. చట్టమిచ్చిన స్వేచ్ఛ లెక్కించువాడు లేక చెరలో మిగిలిపోరాదు.