అన్నా, బాస్ వినబడుతుందా?

కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం... గిటార్ మీద మోజున్న కుర్రాళ్ళకు మెటల్ పాట రికార్డు చేయాలంటే ఇప్పుడు హైదరాబాద్ స్టూడియో అక్కర్లేదు. లాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు. ఆంప్ మోత సాఫ్ట్‌వేర్ పుట్టిస్తుంది. డ్రమ్మర్ దొరక్కపోతే ఆ పనీ కంప్యూటరే చేస్తుంది. చిక్కంతా పాట పూర్తయ్యాకే. ఎవరికి వినిపించాలి? దోస్తులు వాట్సాప్‌లో ‘కేక’ అని పెట్టి ఊరుకుంటారు. ఇంట్లోవాళ్ళు ‘తలుపేసుకోరా’ అంటారు. ఈ రెంటిలో రెండోదే కాస్త నయం. గోడ దాటి వచ్చేది బాస్ కాబట్టి, అది ఏ మాత్రం ఉందో దాంతో తెలుస్తుంది.

మెటల్‌లో గొడవంతా అక్కడే. కిక్ డ్రమ్ దెబ్బా, బాస్ గిటార్ మోతా రెండూ దాదాపు 60 నుంచి 100 హెర్ట్జ్ మధ్యే చోటు కోసం తోసుకుంటాయి. వాటి మీద ఒకే రిఫ్‌ను రెండుసార్లు వాయించి కుడికొకటి, ఎడమకొకటి పెట్టిన డిస్టార్షన్ గిటార్లు. ఫోన్ స్పీకర్ ఆ కింది శబ్దాన్ని పలకనే పలకదు. అందుకే ఫోన్లో విన్నవాడు ‘బాస్ లేదు’ అంటాడు, కార్లో విన్నవాడు ‘బాస్ ఎక్కువైంది’ అంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. కాబట్టి ఎలా ఉందని అడిగే ముందు, దేంట్లో విన్నావని అడగాలి.

రాత్రిపూట మిక్సింగ్‌తో ఇంకో తంటా. అందరూ పడుకున్నారని సౌండ్ తగ్గించి కూర్చుంటాం. ధ్వని తగ్గేకొద్దీ చెవికి బాస్ మరీ తక్కువగా అందుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. సరిపోవట్లేదని పెంచుతాం. తెల్లారి పెద్దగా పెడితే కిటికీలు అదురుతాయి. ఎర్త్ సరిగా లేని ఇంట్లో కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోత కూడా గిటార్‌తోపాటు ఎక్కేస్తుంది. గెయిన్ పెంచితే అదీ పెరుగుతుంది. రిఫ్ ఠక్కున ఆగిన చోట చెవి పెడితే దొరికిపోతుంది.

నన్నడిగితే మొదటి శ్రోత మెటల్ అభిమాని కానక్కర్లేదు. పెళ్ళి ఊరేగింపులకు సౌండ్ బాక్సులు కట్టే అన్నకు వినిపించండి. ఐరన్ మెయిడెన్ బ్యాండ్ పేరు ఆయన విని ఉండకపోవచ్చు. కిక్ దెబ్బ జనం గుండెకు తగులుతుందో లేదో మాత్రం ఆయనకు రోజూ తెలిసే సంగతి.

ఈ మిక్సింగ్ తంటా పెద్ద బ్యాండ్లకూ తప్పని బాధే. మెటాలికా 1988లో తెచ్చిన ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో జేసన్ న్యూస్టెడ్ బాస్ వెతికినా వినబడదు. తగ్గించమన్నది డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిక్కే అని మిక్సింగ్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత చెప్పాడు. 2008లో ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు, సీడీ కంటే గిటార్ హీరో వీడియో గేమ్‌లో వచ్చిన పాటలే శుభ్రంగా ఉన్నాయని అభిమానులు పట్టేశారు. సీడీలో శబ్దాన్ని అంతలా నొక్కిపెట్టేశారు మరి.

అలాగని శ్రోత చెప్పిందల్లా వినాలనీ లేదు. నార్వే బ్యాండ్ డార్క్‌త్రోన్ 1994 నాటి ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’ను ఇంట్లో నాలుగు ట్రాకుల రికార్డర్ మీదే చేసింది. ఆ గరగర వాళ్ళు కోరుకున్నదే. పరికరం వాడటం చేతగాక వచ్చిన గరగర వేరు. మీది ఏదో వినేవాడికి ముందే చెప్పాలి, లేకపోతే మీరు కోరి పెట్టినదాన్నే తీసేయమంటాడు.

మళ్ళీ మన కొత్తగూడెం వైపు వస్తే, ఈ అడవి అంచున డోలు, కంచుతాళాల మోత మెటల్ కంటే ముందు నుంచీ ఉంది. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన కోయ డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క-సారలమ్మల కథ ఆయన పాడుతుంటే, ఆ కథ తెలిసిన పెద్దలే ఎదురుగా ఉండేవారు. డోలు ఎంత మోగినా కథలోని ప్రతి పేరూ వాళ్ళకు వినబడాల్సిందే.

తెలుగులో గ్రౌల్ చేసే, అంటే గుర్రుమనే గొంతుతో పాడే కుర్రాళ్ళకు అలా మాటలు ముందే తెలిసిన శ్రోతలుండే సౌకర్యం లేదు. అందుకని పాట పంపేటప్పుడు సాహిత్యం పంపకండి. వినబడిన మాటలు కాగితం మీద రాయమనండి. అందరూ ఒకే చోట ఖాళీ వదిలితే అక్కడ గిటార్లు తగ్గించి మళ్ళీ పంపండి. అప్పుడూ ఖాళీయే వస్తే గొంతు మళ్ళీ రికార్డు చేయాల్సిందే.