చేపలు నిద్రపోతుంటే తొట్టి ఎందుకు గురక పెడుతుంది?

మునిగుడలో రాత్రయింది. బజారు సద్దుమణిగింది. విజయనగరం–రాయ్‌పూర్ లైన్లో రైలు కూత పెట్టి వెళ్లిపోయింది. ఇక నిద్రపోదామంటే మంచం పక్కన చేపల తొట్టి "గుర్ర్..." అంటోంది! పగలంతా ఈ చప్పుడు ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. సంతలో గుసగుస వినబడుతుందా? అలాగే పగటి సందడిలో ఇదీ మునిగిపోయింది.

గురక పెట్టేది చేప కాదు, గాలి పంపు. దాని లోపల చిన్న రబ్బరు తిత్తి ఉంటుంది. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాంతోపాటు పంపులోని అయస్కాంతం ఊగుతూ, తిత్తిని నొక్కుతూ వదులుతూ గాలిని నీళ్లలోకి తోస్తుంది. ఆ అదురు కింది బల్లకు పాకుతుంది. వీణ తీగ సన్నగానే ఉంటుంది, నాదాన్ని పెంచేది దాని కుండ. ఇక్కడ బల్లే ఆ కుండ!

మరేం చేయాలి? ముందు పెద్దవాళ్లచేత ప్లగ్గు తీయించండి. పంపు కింద మెత్తటి స్పాంజి ముక్క పెట్టండి. గోడకు ఆననివ్వకండి. గుడ్డ మాత్రం చుట్టొద్దు, వేడెక్కుతుంది. పంపును నీటిమట్టానికి పైనే ఉంచండి. లేదంటే కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్లు వెనక్కి వస్తాయి.

ఫిల్టరు నీళ్లు జలజలమంటున్నాయా? చెంబు ఎత్తి పోస్తే చప్పుడెక్కువ, దించి పోస్తే తక్కువ. తొట్టిలో నీళ్లు కాస్త పెంచితే అవి పడే ఎత్తు తగ్గుతుంది.

"పంపు ఆపేస్తే పోలా?" అనకండి. చేపలకు రాత్రీ ఊపిరి కావాలి. తొట్టిలో మొక్కలుంటే చీకట్లో అవీ ఆక్సిజన్ వాడుకుంటాయి. కాబట్టి పంపు పనిచేయాలి, గురక మాత్రం ఆగాలి!