అమెరికా విధానం – విశ్లేషకుల కొలతలు

పేపరు తిరగేస్తే “అమెరికా విదేశాంగ విధానంపై ఫలానా పరిశోధనా సంస్థ అభిప్రాయం” అన్న వార్త ఏదో ఒక మూల కనబడుతూనే ఉంటుంది. సైన్సు చదివే వాడివి, అందులోనూ జి.కొండూరు పత్తి రైతు బిడ్డవి, వాళ్ళతో నీకేం పని అని మిత్రులు అడగవచ్చు. పని ఉంది.

వాషింగ్టన్‌లోని బ్రూకింగ్స్ సంస్థ మూలాలు 1916 నాటివి. అది ఎక్కువగా విరాళాల మీద నడుస్తుంది. ఢిల్లీలో రక్షణ అధ్యయనాల సంస్థ (ఐ.డి.ఎస్.ఎ.) 1965 నవంబరులో పుట్టింది. దానికి డబ్బిచ్చేది మన రక్షణ శాఖ. మన హైదరాబాదులోనే, ఉస్మానియా ఆవరణలో, 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలిసింది. అందరూ చూసింది ఒకే అమెరికాను. కాని చూపు ఒకటి కాదు.

1965-66 కరువులో పి.ఎల్. 480 గోధుమలను ప్రెసిడెంట్ జాన్సన్ నెలనెలా కొలిచి వదిలాడు. మనం వ్యవసాయాన్ని బాగుచేసుకోవాలనే ఆ ఒత్తిడి అని ఒక వ్యాఖ్యానం. వియత్నాం యుద్ధాన్ని విమర్శించినందుకు మనకు ముక్కుతాడు వేశాడని ఇంకొకటి. రెంటికీ ఆధారాలున్నాయి. 1971 డిసెంబరులో ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌక బంగాళాఖాతంలోకి వస్తే, తమ పౌరులను తరలించడానికని వాషింగ్టన్ చెప్పింది. అది బెదిరింపేనని ఢిల్లీ విశ్లేషకులు అన్నారు.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకు! అదే నెలలో మన ప్రభుత్వం, బట్టల మిల్లులకు ఆసరాగా, దిగుమతి పత్తిపై ఉన్న 11 శాతం సుంకాన్ని ఎత్తివేసి, ఆ సడలింపును డిసెంబరు 31 దాకా పొడిగించింది. సరిగ్గా అవి నందిగామ, జగ్గయ్యపేట చేలల్లో పత్తి తీసే నెలలు. ఎక్కడి మాస్కో చమురు, ఎక్కడి మా ఊరి కాటా! నేను చదివిన విశ్లేషణల్లో చమురు, ఎగుమతులు, మైత్రి గురించి పేజీలకు పేజీలున్నాయి. పత్తి రైతు మాత్రం ఒకటి రెండు వాక్యాల్లో సరి.

అయితే ఆ విశ్లేషణలు పనికిరావా? వస్తాయి. ల్యాబులో స్క్రూగేజికి జీరో ఎర్రర్ ఉంటే గేజిని పారెయ్యం. ఎర్రర్ ఎంతో చూసి రీడింగు సరిచేసుకుంటాం. ఏ సంస్థ మాటనైనా అలాగే చదవాలి. దానికి డబ్బెవరిస్తున్నారు? ఎక్కడ కూర్చుని చూస్తోంది? ఎవరికోసం రాస్తోంది? ఎవరి నష్టాన్ని లెక్కలోకి తీసుకోలేదు?

రైతు బస్తా ఎక్కించేముందు కాటా ముల్లు సున్నా మీద ఉందో లేదో చూస్తాడు. చదువుకున్న మనం ఆ పాటి జాగ్రత్త పడలేమా?