సాపేక్ష గణితమునకు తొలిమెట్టు

సాపేక్ష సిద్ధాంతమన్న పేరు విన్నంతనే అది మహాపండితులకు తప్ప అన్యులకు అందని ఫలమని పలువురు తలంతురు. ఆ విద్యకు మెట్లు పెక్కులున్న మాట నిజమే. కాని మొదటి మెట్టు మీ పాఠ్యపుస్తకములోని లంబకోణ త్రిభుజమే.

నందికొట్కూరు నుండి కర్నూలునకు పోవు బస్సులో ఒక బాలుడు బంతిని నిట్టనిలువుగా ఎగురవైచి పట్టుకొనెననుకొనుడు. బంతి పైకి పోయి క్రిందికి వచ్చినట్లే వానికి తోచును. బాటప్రక్క జొన్నచేనిలో నిలిచిన రైతునకు అది ముందునకు సాగుచు వంపుగా పోయినట్లు కనబడును. ఇరువురు చూచినదియు నిజమే. చలనము చూచువానిని బట్టి యుండును.

1905లో ఆల్బర్టు ఐన్‌స్టీన్ దీనికి మరియొక నియమమును జోడించెను. శూన్యములో కాంతివేగము ఎవరు కొలిచినను ఒక్కటే. అది సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. నందికొట్కూరు నుండి కర్నూలునకు గల సుమారు 30 కిలోమీటర్లను కాంతి సెకండులో పదివేలవ వంతులో దాటగలదు.

ఇప్పుడు కాంతివేగములో అయిదింట మూడు వంతుల వేగముతో పోవు వాహనమును ఊహింపుడు. అందలి దీపము నుండి ఒక కిరణము నిట్టనిలువుగా పైకప్పును చేరినది. బయటివానికి అది ఏటవాలుగా పోయినట్లు కనబడును. అతని లెక్కలో కాంతి 5 పాళ్లు సాగునంతలో వాహనము 3 పాళ్లు సాగును. కర్ణము 5, భూమి 3. కర్ణవర్గము 25 నుండి భూమివర్గము 9 తీసివేయగా మిగిలినది 16. దాని వర్గమూలము 4. ఇదియే పైకప్పు ఎత్తు. ఈ ఎత్తు చలనదిశకు లంబముగా నుండుటచే ఇరువురకును సమానము. లోపలివానికి కిరణము ఈ 4 పాళ్లే ఎక్కినది. కాంతివేగము మారదు గదా! కావున బయట 5 గంటలు గడచినచో లోపల 4 గంటలే గడచును. బస్సువేగము కాంతివేగము ముందు అత్యల్పమగుటచే ఈ భేదము మనకు తెలియదు.

ఇది కట్టుకథ కాదు. 2023 మే 29న శ్రీహరికోట నుండి ఎగసిన ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహములో స్వదేశమున నిర్మింపబడిన పరమాణు గడియారము కలదు. అట్టి గడియారముల లెక్కలకు సాపేక్ష సిద్ధాంతపు సవరణ చేయనిచో, మనకు దారి చూపవలసిన ఉపగ్రహములే దారి తప్పించును.

గురుత్వాకర్షణను గూర్చిన పై మెట్టునకు వక్రతలముల గణితము కావలెను. 1912లో ఐన్‌స్టీన్ సైతము దానికి క్రొత్త విద్యార్థియే. తన సహాధ్యాయి మార్సెల్ గ్రాస్‌మన్ సాయముతో దానిని అభ్యసించి, 1915 నవంబరులో తన సమీకరణములను పూర్తిచేసెను.

విద్యార్థులారా! రాతినేలలో బావి త్రవ్వువాడు మొదటి గడ్డపార పోటుతోనే నీటిని ఆశింపడు. బీజగణితము, రేఖాగణితము, పిదప కలనగణితము వరుసగా సాధింపుడు. నేడు 3, 4, 5 అను అంకెలతో మీరు చేసిన లెక్క ఆ త్రవ్వకమునకు నాంది.