తుంటి విరిగిందా? మంచానికి అప్పజెప్పొద్దు!

‘తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయట!’ పొంతన లేని మాట ఎవరైనా అంటే మా కృష్ణదేవిపేటలో పెద్దవాళ్లు విసిరే సామెత ఇది. డెబ్భై దాటినవాళ్ల విషయంలో మాత్రం ఇది వెటకారం కాదు, అచ్చంగా వైద్యమే. విరిగేది తుంటి ఎముక, చెడేది ఊపిరితిత్తులు. కదలకుండా పడుకోబెడితే నిమోనియా వస్తుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, వీపు కింద పుండ్లు పడతాయి. తుంటి విరిగిన పెద్దవాళ్లలో సుమారు ఐదుగురికి ఒకరు ఏడాదిలోపే చనిపోతున్నారని చాలా దేశాల లెక్కలు చెబుతున్నాయి.

పోయినేడాది మా మామ్మ రాత్రిపూట పెరట్లో జారిపడింది. ‘‘ఏటీ అవలేదురా, నూనె రాసి కట్టు కట్టించీండి, సరిపోద్ది’’ అంది. వీధిలో సగంమంది సలహా కూడా అదే. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువాడు ఉండడు కదా! కానీ ఆవిడ కుడికాలు ఎడమదానికంటే పొట్టిగా, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. పడ్డాక కాలు ఇలా కనిపిస్తే తుంటి విరిగినట్టే అనుకోవాలి. లేపి నిలబెట్టొద్దు, మర్దన చేయొద్దు. కాలు కదలకుండా పక్కన దిండ్లు పెట్టి 108కి ఫోన్ చేయండి. రోజూ మింగే మాత్రల చీటీ వెంట ఉండాలి. రక్తం పలచబరిచే మాత్ర వాడుతుంటే ఆ సంగతి మొదటే చెప్పాలి.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దాడిచేసిన పోలీస్‌స్టేషన్లలో మా ఊరిదీ ఒకటి. ఆయన సమాధి కూడా ఇక్కడే ఉంది. చూడ్డానికి వచ్చేవాళ్లకి దారి అందంగానే కనిపిస్తుంది. విరిగిన తుంటితో మామ్మని పడుకోబెట్టి తీసుకెళ్తుంటే తెలిసింది, ఒక్కో గుంత విలువ! నర్సీపట్నంలో ఎక్స్‌రే తీయించి, తాళ్లపాలెం దగ్గర హైవే ఎక్కి విశాఖ చేరాం.

అసలు పరీక్ష అక్కడే మొదలైంది. మేం చేరిన ఆసుపత్రిలో (పేరెందుకులెండి) ‘షుగర్ తగ్గాక చూద్దాం’ అంటూ రెండు రోజులు గడిపేశారు. బ్రిటన్‌లో నిబంధన ఏమిటంటే, ఆసుపత్రిలో చేరిన రోజో మర్నాడో ఆపరేషన్ అయిపోవాలి. మన దేశంతో సహా 17 దేశాల్లో 2,970 మంది మీద జరిగిన ‘హిప్ అటాక్’ అధ్యయనం 2020లో వచ్చింది. గంటల్లోనే ఆపరేషన్ చేసినా, మర్నాటికి చేసినా మరణాల్లో పెద్ద తేడా రాలేదు. కాకపోతే తొందరగా చేసినవాళ్లలో మతి తప్పి మాట్లాడటం తగ్గింది, వాళ్లు త్వరగా లేచి నిలబడ్డారు. అంటే పరుగులు పెట్టించక్కర్లేదు గానీ, రోజులు మాత్రం గడపకూడదు. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది నిజంగా ఉంటే ఆగాల్సిందే. అందుకే ‘ఎప్పుడు చేస్తారు?’ ఒక్కటే కాదు, ‘దేనికోసం ఆగుతున్నాం?’ అని కూడా అడగండి. అలా అడిగితే గొడవ పెట్టుకున్నట్టు కాదు. ఈలోగా నొప్పి తెలియకుండా తొడ పైభాగంలో నరానికి మత్తు ఇస్తారా అనీ అడగొచ్చు. పథకం కింద వస్తుందో లేదో చెప్పడానికి ఆరోగ్యమిత్ర ఉంటారు.

ఎముక మెడ దగ్గర విరిగి పక్కకి జరిగితే, బంతిలాంటి పైభాగానికి రక్తం అందదు. అందుకే పెద్దవాళ్లకి ఎక్కువగా ఆ భాగం తీసి కొత్తది పెడతారు. దానికింద విరిగితే రాడ్డో, ప్లేటో వేసి బిగిస్తారు. మామ్మకి రాడ్డు వేశారు.

మర్నాడే ఫిజియోథెరపిస్టు వాకర్ తెస్తే చుట్టాలంతా గోల! ‘కుట్లు ఊడిపోవూ?’ అని. ఊడవు. డాక్టర్ వద్దంటే తప్ప మర్నాడే నిలబెట్టడం వైద్యంలో భాగం. ఆ రెండు రాత్రులూ మామ్మ నన్ను తాతయ్య పేరుతో పిలిచింది. భయపడ్డాను గానీ, ఆ వయసులో ఆపరేషన్ తర్వాత అది మామూలేనట. కళ్లద్దాలు పెట్టాం, పగలు కిటికీ తెరిచాం, తెలిసిన మనిషి పక్కనే ఉండేలా చూసుకున్నాం. నాలుగోరోజుకి ‘‘కాఫీలో పంచదారేదిరా?’’ అని కసిరింది. హమ్మయ్య అనుకున్నా.

డిశ్చార్జ్ చీటీలో చాలాసార్లు ఒకటి మిగిలిపోతుంది: గుల్లబారిన ఎముకలకి మందు. నిలబడ్డచోట జారిపడితేనే విరిగిందంటే ఎముక ముందే బలహీనపడిందన్నమాట. ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్, తుంటి విరిగినవాళ్లలో మళ్లీ ఎముకలు విరగడాన్ని మూడో వంతు దాకా తగ్గించిందని 2007లోనే తేలింది. కిడ్నీల పనితీరు, కాల్షియం, విటమిన్-డి చూసి గానీ ఇవ్వరు. చీటీలో కాల్షియం మాత్రలు ఒక్కటే ఉంటే, ఆసుపత్రి గేటు దాటకముందే వెనక్కెళ్లి అడగండి.